హెచ్‌టీటీపీఎస్‌కి మారాక డేటాబేస్‌లో మిగిలే పాత లింకులు: ఏ దారి మేలు?

మారతహళ్లిలో మనవాళ్ల మెస్సుకి ఒక వర్డ్‌ప్రెస్ సైటు ఉందనుకోండి. ఎస్‌ఎస్‌ఎల్ (సైటు కనెక్షన్‌ని భద్రం చేసే సర్టిఫికెట్) పెట్టించారు, అడ్రసు హెచ్‌టీటీపీఎస్ అయింది. అయినా మెనూ పేజీలోని గోంగూర చికెన్ ఫొటో, టిఫిన్ల లింకులు డేటాబేస్‌లో పాత హెచ్‌టీటీపీతోనే పడి ఉంటాయి. పాత అడ్రసుతో పిలిచే స్క్రిప్టులను బ్రౌజర్ ఆపేస్తుంది, దాంతో స్లైడరో ఆర్డర్ ఫారమో పనిచేయదు.

చాలామంది ముందుగా పట్టుకునేది, డేటాబేస్‌ని బ్రౌజర్‌లోనే తెరిచి మార్చే టూల్ పీహెచ్‌పీమైఅడ్మిన్‌. ఒక్క రిప్లేస్ క్వెరీతో (పాత మాట తీసి కొత్తది పెట్టమనే ఆదేశంతో) పని అయిపోతుంది. పోస్టుల టేబుల్లోని మామూలు రాతకి పర్వాలేదు. సెట్టింగులు ఉండే ఆప్షన్స్, పోస్టుల అదనపు వివరాలు ఉండే పోస్ట్‌మెటా టేబుళ్ల దగ్గరే కొంప మునుగుతుంది. అక్కడ చాలా విలువలు సీరియలైజ్ అయి ఉంటాయి, అంటే ప్రతి మాట పక్కనే దాని పొడవు కూడా రాసి ఉంటుంది. సైటు పేరు ఎగ్జాంపుల్ డాట్ కామ్ అయితే, హెచ్‌టీటీపీతో కలిపి 18 అక్షరాలు. క్వెరీ ఒక 'ఎస్' చేర్చి 19 చేస్తుంది, పక్కనున్న 18ని మాత్రం ముట్టుకోదు. లెక్క తప్పిన ఆ విలువను పీహెచ్‌పీ చదవలేదు. విడ్జెట్లు, థీమ్ సెట్టింగులు మాయమవుతాయి. ఎర్రర్ కూడా కనపడదు కాబట్టి ఎక్కడ చెడిందో వెతుక్కోవాల్సి వస్తుంది. అందుకే ఈ దారి వద్దనే చెబుతాం.

బెటర్ సెర్చ్ రిప్లేస్ ప్లగిన్, డబ్ల్యూపీ-సీఎల్‌ఐ (వర్డ్‌ప్రెస్‌ని కమాండ్లతో నడిపే టూల్) రెండూ ఆ విలువను విప్పి, మార్చి, పొడవు సరిచేసి తిరిగి పెడతాయి. ఎస్‌ఎస్‌హెచ్ (సర్వర్‌లోకి వెళ్లి కమాండ్లు ఇచ్చే దారి) ఉంటే సీఎల్‌ఐదే పైచేయి: పెద్ద డేటాబేస్ అయినా బ్రౌజర్ టైమ్‌అవుట్ బాధ లేదు, బ్యాకప్ కూడా అక్కడే ఒక్క కమాండుతో తీసుకోవచ్చు. ఎస్‌ఎస్‌హెచ్ ఇవ్వని షేర్డ్ హోస్టింగ్ ప్లాన్ అయితే ప్లగినే దిక్కు, దానికి చిన్నతనమేమీ లేదు.

ఏది వాడినా బ్యాకప్ తీసి, ముందు డ్రై రన్ (ఏమీ మార్చకుండా, ఏమేం మారతాయో చూపే పరీక్ష) చేయండి. పోస్టుల టేబుల్లో ప్రతి పోస్టుకీ గుర్తింపుగా ఉండే జీయూఐడీ కాలమ్‌ని వదిలేయండి. ఫీడ్ రీడర్లు (సైట్ల కొత్త పోస్టులను తెచ్చి చూపే యాప్‌లు) పోస్టుని గుర్తుపట్టేది దానితోనే, అది మారితే పాత పోస్టులన్నీ కొత్తవాటిలా మళ్లీ వెళతాయి. ప్లగిన్ దాన్ని తనంతట తానే వదిలేస్తుంది, సీఎల్‌ఐకి మాత్రం స్కిప్-కాలమ్స్‌తో చెప్పాలి. వెతికే మాటగా ఉత్త 'హెచ్‌టీటీపీ' ఇవ్వకండి: ఇప్పటికే మారిన లింకులకు రెండో 'ఎస్' తగులుకుంటుంది, బయటి సైట్ల లింకులూ మారిపోతాయి. డొమైన్‌తో సహా పూర్తి అడ్రసు ఇవ్వండి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నదానికి ఒకసారి, లేనిదానికి ఒకసారి నడపండి.

పేజీలు కట్టే ప్లగిన్ ఎలిమెంటర్‌తో కట్టిన పేజీలు ఈ రెండింటికీ చిక్కకపోవచ్చు. దాని డేటా జేసన్ అనే రూపంలో ఉంటుంది, ప్రతి స్లాష్ ముందూ ఒక బ్యాక్‌స్లాష్ ఉంటుంది కనుక మీరిచ్చిన అడ్రసు దానికి సరిపోలదు. ఎలిమెంటర్ టూల్స్‌లోనే ఉన్న రిప్లేస్ యూఆర్‌ఎల్ వాడండి.

ఇక వర్డ్‌ప్రెస్ 5.7 (2021) నుంచి డాష్‌బోర్డులోని సైట్ హెల్త్ పేజీలో హెచ్‌టీటీపీఎస్‌కి మార్చే ఒక బటన్ ఉంది. సైటు అడ్రసు మార్చి, పేజీ చూపించేటప్పుడు పాత లింకులను అప్పటికప్పుడు దిద్దుతుంది. పోస్టుల్లోని పాత లింకులు మాత్రం డేటాబేస్‌లో అలాగే ఉంటాయి. ఈ రాత్రికి సైటు నిలబడాలంటే నొక్కండి, తీరిక దొరకగానే అసలు మార్పు చేయండి.

చివర్లో క్యాష్ (సైటు, బ్రౌజర్ దాచుకున్న పాత కాపీలు) ఖాళీ చేసి, ఎఫ్12 నొక్కి కన్సోల్లో మిక్స్‌డ్ కంటెంట్ (హెచ్‌టీటీపీఎస్ పేజీలో పాత హెచ్‌టీటీపీ ఫైళ్లు) హెచ్చరికలు చూడండి. ఇంకా ఏ ఫైలైనా కనబడితే అది డేటాబేస్‌లో కాదు, థీమ్ ఫైల్లోనే చేత్తో రాసి ఉండే అవకాశం ఎక్కువ.