కెటలిటిక్ కన్వర్టర్ క్లీనర్: సీసా చెప్పని సంగతి

డాష్‌బోర్డుపై ఇంజిన్ దీపం వెలిగి, స్కానర్‌లో పి0420 కోడ్ (కెటలిటిక్ కన్వర్టర్, అంటే ఇంజిన్ పొగను శుద్ధి చేసే భాగం, సామర్థ్యం తగ్గిందనే సంకేతం) కనిపించడంతో, కన్వర్టర్ మార్చే ఖర్చుకు జంకి, పెట్రోల్‌లో కలిపే ఒక క్లీనర్‌ను వాడి చూశాను. ఇంజిన్ నడక కొంత మృదువైంది. కోడ్ మాత్రం కొద్ది రోజులకే తిరిగి వచ్చింది.

కన్వర్టర్ పనితీరు తెలిసినవారికి ఇది వింత కాదు. లోపల తేనెపట్టు వంటి సిరామిక్ దిమ్మెపై ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాలు పలుచని పూతగా ఉంటాయి; పొగ ఆ లోహాలను తాకితేనే కార్బన్ మోనాక్సైడ్, మండని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ హానికర వాయువులుగా మారతాయి. ఇంధనంలోని గంధకం ఆ పూతను ఆక్రమించినా, కన్వర్టర్ బాగా వేడెక్కినప్పుడు చాలావరకు వదిలిపోతుంది. (క్లీనర్ పోశాక హైవేపై నడపమనే సూచనలో అసలు మేలు ఆ వేడిదేనేమో అనిపిస్తుంది.) సీసం అలా కాదు, అది పూతను శాశ్వతంగా నిర్వీర్యం చేస్తుంది. సిలికాన్ సమ్మేళనాలు కలిసిన ఇంధనం మండితే ఏర్పడే సిలికా, కన్వర్టర్‌పైనే కాక ఆక్సిజన్ సెన్సర్‌పై కూడా పొరగా పేరుకుంటుంది. మాంగనీసు ఆక్సైడ్లు రంధ్రాలను పూడుస్తాయి. ఇంజిన్ ఆయిల్ కాలితే వచ్చే ఫాస్ఫరస్‌దీ ఇదే కోవ.

ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ల మసిని వదిలించే ద్రావణంగా ఈ క్లీనర్‌కు విలువ ఉంది. కానీ ఏ మలినం పోతుందో, ఏది పోదో సీసాపై ఒక్క వాక్యమైనా లేకపోవడం వల్ల ఐదుకు రెండు మార్కులే ఇస్తున్నాను.