ఐదు వారాల కౌన్సెలింగ్: పీఎం ప్లస్ పద్ధతి ఎవరికి పనికొస్తుంది?

ఉద్యోగం పోయినప్పుడు, రిటైరైనప్పుడు, విడాకులయ్యాక, పిల్లలు విదేశాలకు వెళ్లిపోయి ఇంట్లో ఇద్దరే మిగిలినప్పుడు మనసు కుదుటపడక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లేవాళ్లు మొదట అడిగే ప్రశ్నలు రెండు: ఎన్నాళ్లు రావాలి, ఇక్కడ అసలేం చేస్తారు? ఈ రెండిటికీ సూటిగా జవాబిచ్చే పద్ధతి ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్, పొట్టిగా పీఎం ప్లస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని 2016లో విడుదల చేసింది. వారానికొకటి చొప్పున ఐదు సెషన్లు, ఒక్కోటి 90 నిమిషాలు. సైకాలజీ డిగ్రీ లేనివాళ్లు కూడా శిక్షణ తీసుకుని, నిపుణుల పర్యవేక్షణలో నడపగలిగేలా దీన్ని తయారుచేశారు. పెషావర్‌లో 346 మందితో జరిపిన పరిశోధన ఫలితాలు ఆ ఏడాదే వచ్చాయి. పీఎం ప్లస్ అందినవాళ్లలో ఆందోళన, దిగులు మిగతావాళ్లకంటే బాగా తగ్గాయని తేలింది.

మొదటి సెషన్‌కు ముందే, మనల్ని ఎక్కువగా బాధపెడుతున్న సమస్యలేంటో మన మాటల్లోనే చెప్పించుకుంటారు. గడిచిన వారంలో అవి ఎంత ఇబ్బంది పెట్టాయో 0 నుంచి 5 దాకా మార్కులు వేయమంటారు. ప్రతి సెషన్‌లోనూ ఇదే మళ్లీ అడుగుతారు. ఈ చిన్న కాగితం చాలా విలువైనది. ‘కాస్త ఫర్వాలేదండీ’ అన్న మర్యాద మాట వెనుక మార్కు నాలుగు దగ్గరే ఆగిపోయి ఉంటే వెంటనే తెలిసిపోతుంది.

తొలి సెషన్‌లో నేర్పేది నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం. భుజాలు వదులు చేసి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, గడియారం టిక్‌టిక్‌లా నెమ్మదిగా మూడు లెక్కపెడుతూ లోపలికి, మూడు లెక్కపెడుతూ బయటికి. పొట్ట కదలాలి, ఛాతీ కాదు. ప్రాణాయామం అలవాటున్నవాళ్లు ఇక్కడే పొరబడతారు: ఊపిరి బిగబడతారు, బలంగా లాగుతారు, తల తిరుగుతుంది. ఇందులో బిగబట్టడం లేదు. ఇంకో పొరపాటు, కంగారు ముదిరాకే దీన్ని గుర్తు చేసుకోవడం. మామూలుగా ఉన్నప్పుడు రోజూ సాధన చేయకపోతే కంగారు వేళ పనిచేయదు.

ఈ పద్ధతికి ప్రాణం రెండో సెషన్‌లో ఉంది. గుంటూరులో 62 ఏళ్లకు రిటైరైన ఒక టీచర్‌ను అనుకుందాం. నిద్ర పట్టదు, వాడుకోని సెలవులకు రావాల్సిన లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ డబ్బులు రాలేదు, కొడుకు బెంగళూరు వచ్చేయమంటున్నాడు, చిన్ననాటి స్నేహితుడు పోయాడు, పాత స్కూలువాళ్లు ఫోన్ చేయరు. ముందు ఇవన్నీ రాసి మూడు భాగాలు చేస్తారు: మన చేతిలో కొంతైనా ఉన్నవి, మన చేతిలో లేనివి, అంతగా పట్టించుకోనక్కర్లేనివి. మొదటి భాగంలోంచి తేలికైనది ఒకటి తీసుకుంటారు, అన్నిటికంటే పెద్దది కాదు. తర్వాత దాన్ని కుదించి చెప్పిస్తారు. ‘డబ్బులు రాలేదు’ అంటే పని మొదలవదు. ‘బిల్లు ఎక్కడ ఆగిందో తెలియదు’ అంటే మొదలవుతుంది. మంచీచెడూ చూడకుండా తోచిన దారులన్నీ రాసి, పనికొచ్చేవి ఎంచుకుని, ప్రణాళిక వేస్తారు: మంగళవారం ఉదయం 11కి, పాత హెడ్మాస్టర్‌ను తోడు తీసుకుని, కాగితాల జిరాక్సులతో ట్రెజరీకి. సంబంధిత ఉద్యోగి సీట్లో లేకపోతే ఏం చేయాలో కూడా అప్పుడే రాసుకుంటారు. వచ్చే వారం ఏమైందో చూస్తారు.

ఇది చెడిపోయేది దాదాపు ఎప్పుడూ ఒకే చోట: కౌన్సెలర్ సలహా ఇచ్చేస్తాడు. ఎదుటివాళ్ల కష్టం వినగానే ‘మీరిలా చేయండి’ అనడం మనకు ప్రేమగానే అలవాటు. కానీ ఆ సలహా విఫలమైతే టీచర్ మళ్లీ రాడు, ఫలిస్తే తర్వాతి సమస్యకూ కౌన్సెలర్ కావాలి. ఈ పద్ధతిలో అడగాల్సిన ప్రశ్న వేరు: ‘మాస్టారూ, మీ స్నేహితుడికే ఈ కష్టం వస్తే ఏం చేయమంటారు?’ ఈ ప్రశ్న పడ్డాక జవాబు రావడానికి ఒక్కోసారి రెండు నిమిషాల మౌనం పడుతుంది. ఆ మౌనాన్ని భరించగలిగినవాళ్లే మంచి కౌన్సెలర్లు.

మూడో సెషన్‌ది దిగులుతో మంచానికి అతుక్కుపోయినవాళ్లను కదిలించే పని. ‘రోజూ వాకింగ్ చేస్తాను’ వంటి మాట ఒప్పుకోకూడదు. ‘సోమ, గురువారాలు ఉదయం ఆరున్నరకు వీధి చివరిదాకా’ అన్నంత చిన్నగా ఉండాలి. నాలుగోది మనుషుల తోడు పెంచుకోవడం. దీన్ని చాలామంది తొందరగా దాటేస్తారు, కొత్తగా వేరే ఊరికో వేరే దేశానికో వెళ్లినవాళ్లకు మాత్రం ఇదే ఎక్కువ సమయం తీసుకోవాలి. ఐదోది నేర్చుకున్నవి నిలుపుకోవడం గురించి.

లోటు కూడా ఉంది. ‘అంతా నా తప్పే’ లాంటి ఆలోచనలను పరీక్షించడం ఇందులో నేర్పరు, శిక్షణ తక్కువున్నవాళ్లకు అది కష్టమని కావాలనే వదిలేశారు. అపరాధ భావమే ప్రధానమైనవాళ్లు అలాంటి ఆలోచనలను పరీక్షించి మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ తెలిసిన క్లినికల్ సైకాలజిస్టును చూడడం మేలు. భ్రమలు, తీవ్రమైన మద్యం అలవాటు ఉన్నవాళ్లకు ఇది సరిపోదు, సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్లాలి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఉంటే సెషన్ రోజు కోసం ఆగకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

డబ్బు కట్టేముందు కౌన్సెలర్‌ను మూడు విషయాలు అడగండి: మీ పనిని ఎవరు పర్యవేక్షిస్తారు, ప్రతి వారం మార్కులు వేయిస్తారా, ఐదు సెషన్ల తర్వాత తగ్గకపోతే నన్ను ఎవరి దగ్గరికి పంపిస్తారు? మూడోదానికి డాక్టరు పేరో ఆసుపత్రి పేరో చెప్పలేని చోట చేరకపోవడమే మంచిది.