మిజునో ఎస్‌టీ190 డ్రైవర్: హెడ్ ఒకటే, షాఫ్ట్‌లు మూడు

గోల్ఫ్‌లో బంతిని అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్‌ని డ్రైవర్ అంటారు, ఈ మిజునో డ్రైవర్ నా బ్యాగులోకి వచ్చి రెండేళ్ళు దాటింది. మొదటి నాలుగు నెలలూ దీన్ని ఎవరికైనా అమ్మేద్దామనే ఆలోచనలోనే ఉన్నాను. ఇప్పుడు దీన్ని ఎవరైనా అడిగితే ఇవ్వను. మధ్యలో మారింది హెడ్ (బంతికి తగిలే గుండు) కాదు, నా స్వింగూ పెద్దగా మారలేదు, మారింది ఒక్క షాఫ్టే, అంటే హెడ్‌కీ చేతిపట్టుకీ మధ్య ఉండే కర్ర. మా గుంపులో ఇంకో ఇద్దరు కూడా ఇదే హెడ్‌తో ఆడారు కాబట్టి ముగ్గురి అనుభవమూ కలిపి రాస్తున్నాను, సెకండ్ హ్యాండ్‌లో డ్రైవర్ కొందామనుకునేవాళ్ళకి ఉపయోగపడుతుంది.

ముందు వస్తువు గురించి. ఎస్‌టీ190 అనేది 2019లో వచ్చిన మోడల్. దీని ఫేస్ ఎస్‌పీ700 అనే టైటానియం మిశ్రమంతో చేసింది, ఫోర్జ్ చేసిన ఫేస్. "ఫోర్జ్‌డ్ టైటానియం డ్రైవర్" అని చూడగానే మొత్తం హెడ్ అంతా అలాగే చేశారని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పటి డ్రైవర్లలో ఎక్కువగా ఫోర్జ్ చేసేది బంతికి తగిలే ముఖాన్నే. మిగతా ఒళ్ళు పోత పోసి చేస్తారు, ఇందులో పైభాగం కార్బన్. పోతకీ ఫోర్జింగ్‌కీ తేడా మనకి కొత్తదేం కాదు. గుడిగంట పోతది, కొడవలి కొలిమిలో కాల్చి కొట్టింది. కొడవలి ఎందుకంత పలచగా ఉండి కూడా విరగదో డ్రైవర్ ఫేస్‌దీ అదే కథ: టైటానియం రేకుని వేడి చేసి అచ్చులో గట్టిగా నొక్కి ఆకారం తెప్పిస్తారు, తర్వాత వెనకవైపు కావలసిన చోట పలచగా, కావలసిన చోట మందంగా చెక్కి ఒంటికి వెల్డ్ చేస్తారు. అలా చేసిన లోహం పోతదాని కంటే గట్టిగా ఉంటుంది కాబట్టి ఇంకా పలచన చేయొచ్చు, పలచనైతే దెబ్బకి స్ప్రింగులా లోపలికి వంగి బంతిని తోస్తుంది. మామూలుగా వాడే టైటానియంలో ఆరు శాతం అల్యూమినియం, నాలుగు శాతం వనేడియం ఉంటాయి. ఎస్‌పీ700లో వాటితో పాటు ఇనుము, మాలిబ్డినం కూడా కలుస్తాయి. జపాన్‌లో తయారైన మిశ్రమం ఇది.

ఐదారేళ్ళ పాత డ్రైవర్ కొంటే దూరం తగ్గదా అని అందరూ అడుగుతారు. దానికి జవాబు కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. మిజునో 1990లోనే టైటానియం డ్రైవర్ తెచ్చింది, కానీ టైటానియాన్ని మామూలు గోల్ఫర్ల బ్యాగుల్లోకి తెచ్చింది 1995లో వచ్చిన కాలవే గ్రేట్ బిగ్ బెర్తా. తర్వాత కాలవే వాళ్ళదే ఈఆర్‌సీ అని ఫోర్జ్ చేసిన టైటానియం డ్రైవర్ వచ్చింది, దాని ఫేస్ మరీ స్ప్రింగులా ఉందని అమెరికాలో గోల్ఫ్ నిబంధనలు చూసే యూఎస్‌జీఏ ఒప్పుకోలేదు. 2000లో ఆర్నాల్డ్ పామర్ అంతటి దిగ్గజ గోల్ఫర్ ముందుకొచ్చి, సరదాకి ఆడుకునేవాళ్ళు దాని తర్వాతి రూపం ఈఆర్‌సీ 2తో ఆడితే తప్పేంటి అన్నందుకు ఆయన మీద కూడా విమర్శలొచ్చాయి. చివరికి ఫేస్ ఎంత వంగొచ్చో దానికి ఒక హద్దు, హెడ్ సైజుకి 460 సీసీ అని ఇంకో హద్దు స్థిరపడ్డాయి. పెద్ద కంపెనీలన్నీ ఆ హద్దు దాకా ఎప్పుడో వెళ్ళిపోయాయి. అందుకే ఫేస్ మధ్యలో తగిలిన బంతి విషయంలో 2019 హెడ్‌కీ కొత్త హెడ్‌కీ మీరు భయపడేంత తేడా ఉండదు. బంతి ఫేస్ పక్కకి తగిలినప్పుడు కొత్తవి కొంచెం ఎక్కువ క్షమిస్తాయి, అది నిజం. కానీ హెడ్‌లన్నీ ఒకే గోడ దగ్గర ఆగిపోయినప్పుడు మన చేతికీ ఆ హెడ్‌కీ మధ్య ఉన్న కర్ర మాటేమిటి అన్నది అసలు ప్రశ్న. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, అమ్మేవాళ్ళు అసలు మాట్లాడరు.

నేను ఉండేది డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో. గోల్ఫ్ ప్రొఫెషనల్స్ సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా కేంద్ర కార్యాలయం ఇక్కడికే వచ్చింది, చుట్టూ మనవాళ్ళూ ఎక్కువే, పిల్లల్ని లెసన్లకి తీసుకెళ్ళి ఊరికే కూర్చోలేక తామే మొదలుపెట్టిన తల్లిదండ్రులు బోలెడుమంది ఉన్నారు. నేను అలాంటివాడినే. వయసు నలభై నాలుగు, డ్రైవర్ స్వింగ్ వేగం గంటకి 92 మైళ్ళ దగ్గర ఉంటుంది, చిన్నప్పట్నుంచి క్రికెట్ ఆడిన చెయ్యి కాబట్టి బంతిని కుడివైపుకి స్లైస్ చేయడం నా జబ్బు.

ఈ హెడ్‌ని ఒక పాత క్లబ్బుల షాపులో 140 డాలర్లకి కొన్నాను. షాపు పేరు చెప్పను. ప్రకటనలో రెగ్యులర్ ఫ్లెక్స్ (ఫ్లెక్స్ అంటే షాఫ్ట్ ఎంత వంగుతుందన్న లెక్క), స్టాండర్డ్ పొడవు అని రాసి ఉంది. షాఫ్ట్ హెడ్‌తో వచ్చింది కాదు, ఎవరో మార్చి వేసిన వేరే కంపెనీది, అది ముందే చెప్పారు, నేనూ పట్టించుకోలేదు. మొదటి రోజు రేంజ్‌లో (ప్రాక్టీస్ మైదానంలో) నలభై బంతులు కొడితే ముప్పై కుడివైపు నెట్‌లోకి పోయాయి. నా స్వింగే పాడైందనుకున్నాను. పట్టు మార్చాను, నిలబడే తీరు మార్చాను, రెండు లెసన్లకి డబ్బు కట్టాను. కోచ్ చెప్పినట్టు ఐరన్లన్నీ (తక్కువ దూరాలకి వాడే క్లబ్బులు) బాగానే పోతున్నాయి, హోల్ మొదలుపెట్టే చోట డ్రైవర్ తీసేసరికి మళ్ళీ అదే టెన్షన్. వారానికి ఒక్కసారి దొరికే నాలుగు గంటలు, అందులో పద్నాలుగు సార్లు డ్రైవర్ తీస్తే పది సార్లు చెట్లలో వెతుక్కోవడమే అయితే మనసు ఎంత చివుక్కుమంటుందో ఆడేవాళ్ళకి తెలుస్తుంది.

ఒకరోజు మా గుంపులోని గుంటూరు మిత్రుడు నా డ్రైవర్ పట్టుకుని రెండు సార్లు గాల్లో ఊపి "ఇదేంట్రా, హెడ్ ఉన్నట్టే తెలియట్లేదు" అన్నాడు. ఇంటికి వెళ్ళి టేపు తీసుకుని కొలిచాను. నలభై నాలుగున్నర అంగుళాలు. ఈ రోజుల్లో షాపులో కొత్త డ్రైవర్ కొంటే సుమారుగా నలభై ఐదున్నర ఉంటుంది. ముందు వాడినవాళ్ళు గ్రిప్ వైపు నుంచి ఒక అంగుళం కోసేసి కొత్త గ్రిప్ తొడిగారన్నమాట, షాపువాళ్ళు కొలవకుండానే స్టాండర్డ్ అని రాసేశారు. పొట్టి డ్రైవర్ చెడ్డదేం కాదు, కావాలని పొట్టిది ఆడేవాళ్ళున్నారు. కానీ ఒక అంగుళం కోస్తే స్వింగ్ వెయిట్, అంటే ఊపేటప్పుడు హెడ్ ఎంత బరువుగా తెలుస్తుందన్న కొలత, ఆరు పాయింట్ల దాకా పడిపోతుంది, ఆ కొలతలో డీ3 ఉన్నది సీ7 అవుతుంది. దాన్ని సరిచేయాలంటే హెడ్‌కి బరువు అంటించాలి, లెడ్ టేపు రెండు గ్రాములు వేస్తే దాదాపు ఒక పాయింట్ పెరుగుతుంది, అంటే పన్నెండు గ్రాములు. ఆ పని ఎవరూ చేయలేదు. హెడ్ బరువు చేతికి తెలియకపోతే నాలాంటివాడు తొందరపడి భుజాలతో లాగేస్తాడు, ఫేస్ మూసుకోకముందే బంతి వెళ్ళిపోతుంది.

షాపుకి వెళ్ళి అడిగితే వాపసు గడువు ముప్పై రోజులే, అయిపోయింది అన్నారు. కొన్న రోజే కొలుచుకోకపోవడం నా పొరపాటే, కానీ లేని పొడవు ఉందని రాసి అమ్మడం వాళ్ళ తప్పు. ఆ మాట అక్కడే చెప్పి వచ్చాను.

తర్వాత మనిషికి తగ్గట్టు క్లబ్ అమర్చే ఒక ఫిట్టర్ దగ్గరికి వెళ్ళాను, నా రెండేళ్ళ గోల్ఫ్ ఖర్చులో బాగా పనికొచ్చిన గంట అదే. ఆయన ముందు నా పాత షాఫ్ట్‌తోనే పది బంతులు కొట్టించాడు. బంతి వేగం గంటకి 129 మైళ్ళు, లేచే కోణం పది డిగ్రీలు, స్పిన్ (నిమిషానికి బంతి తిరిగే చుట్లు) 3500 పైన, క్యారీ (గాల్లో వెళ్ళే దూరం) 195 గజాలు, ముప్పై గజాలు కుడికి. అదే హెడ్‌కి ఫుజికురా ఆట్మాస్ ఎరుపు రంగు షాఫ్ట్, యాభై గ్రాముల తరగతి, రెగ్యులర్ ఫ్లెక్స్, నలభై ఐదు అంగుళాలకి పెట్టి ఇచ్చాడు. మొదటి మూడు బంతులు ఎడమకి పోయాయి, ఎందుకంటే నాలుగు నెలలుగా కుడికి పోకుండా ఆపడానికి చేతులు తిప్పడం అలవాటు చేసుకున్నాను కదా. నాలుగో బంతి నుంచి దారిలో పడింది. బంతి వేగం 134, కోణం పదమూడు, స్పిన్ 2900, క్యారీ 212. పదిహేడు గజాలు ఎక్కువ రావడం సంతోషమే, కానీ ఫెయిర్‌వే (మధ్యలో నున్నగా కోసిన గడ్డి దారి) మీద రెండో షాట్ కోసం నిలబడడం అంతకంటే సంతోషం. ఆ వారం పద్నాలుగులో తొమ్మిది ఫెయిర్‌వేలు కొట్టి ఇంటికొచ్చి మా ఆవిడకి ఒక్కో హోలూ చెప్పాను, పాపం మొత్తం విన్నది.

ఆట్మాస్‌లో రంగుల లెక్క తేలిక: ఎరుపు బంతిని పైకి లేపుతుంది, నీలం మధ్యస్థం, నలుపు కింద నుంచి పంపుతుంది. గుంటూరు మిత్రుడు యూనివర్సిటీ దాకా ఫాస్ట్ బౌలింగ్ చేసినవాడు, స్వింగ్ వేగం 108. నా ఎరుపు షాఫ్ట్‌తో కొడితే వాడి బంతి గాలిపటంలా పైకి లేచి ఎడమకి వంగిపోయింది, వాడి బలానికి షాఫ్ట్ కొస నిలబడలేదు. వాడు ఇదే హెడ్ ఇంకోటి కొని ఆట్మాస్ నలుపు, అరవై గ్రాముల స్టిఫ్ వేయించుకున్నాడు. బంతి వేగం 158, స్పిన్ 2400 దగ్గర, ఇప్పుడు క్యారీ 260 దాటుతోంది. ఇక్కడ వసంతకాలంలో దక్షిణపు గాలి ఈడ్చి కొడుతుంది, ఎదురుగాలిలో నా బంతి పైకి లేచి ఆగిపోతుంటే వాడిది కోసుకుంటూ వెళ్ళిపోతుంది. ఆ ఒక్క విషయంలో ఎరుపు షాఫ్ట్‌తో రాజీ పడాలి. గాలి ఉన్న రోజు నేను బంతి పెట్టే టీ పుల్లని కొంచెం కిందకి దింపి సగం బలంతో కొడతాను.

మూడోవారు మా బావగారు. హైదరాబాద్‌లో ఉంటారు, రిటైరయ్యాక గోల్ఫ్ పట్టుకున్నారు, గోల్కొండలో నయా ఖిల్లా గోడల మధ్య ఉన్న హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్‌లో ఆడతారు. ఆ పాత గోడలు, బండరాళ్ళు, ఆ పెద్ద హతియాన్ చెట్టు (బావోబాబ్) గురించి ఆయన చెబుతుంటే అక్కడే ఉన్నట్టుంటుంది. నిరుడు మా ఇంటికొచ్చి రెండు నెలలున్నారు. స్వింగ్ వేగం 78. నా డ్రైవర్ ఇస్తే "బాగుందయ్యా, కానీ కొట్టిన తర్వాత భుజం నాది కాదు అనిపిస్తోంది" అన్నారు. ఆయన్నీ ఫిట్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. నలభై ఐదు గ్రాముల సీనియర్ ఫ్లెక్స్ షాఫ్ట్ వేసి, స్లీవ్ (షాఫ్ట్ కొసన హెడ్‌లోకి దూరే గొట్టం) తిప్పి లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) ఒక డిగ్రీ పెంచారు. లాఫ్ట్ పెంచితే ఫేస్ కొంచెం ఎడమకి మూసుకుంటుంది, ఆయనదీ కుడికి పోయే బంతే కాబట్టి అదీ కలిసొచ్చింది. 165 గజాల క్యారీ 178 అయింది. అరవై రెండేళ్ళ వయసులో, పదేళ్ళ కిందట పోగొట్టుకున్నది మళ్ళీ దొరికిందన్నట్టు ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ రోజు దార్లో బిర్యానీ ఆయనే తినిపించారు.

ఫ్లెక్స్ అక్షరాల గురించి ఒక మాట, దీని దగ్గరే అందరూ మోసపోతారు. ఆర్ (రెగ్యులర్), ఎస్ (స్టిఫ్), ఎక్స్ (ఎక్స్‌ట్రా స్టిఫ్) అనేవాటికి పరిశ్రమ మొత్తానికీ ఒకటే కొలత అంటూ లేదు. ఒక కంపెనీ ఎస్ ఇంకో కంపెనీ ఆర్ కంటే మెత్తగా ఉండొచ్చు. మగవాళ్ళం ఎస్ అని రాసి ఉంటే గొప్ప అనుకుంటాం, షాపులో ఆర్ అడగడానికి మొహమాటపడతాం. నేను పడ్డాను. బరువు చూడండి, టార్క్ (షాఫ్ట్ ఎంత మెలితిరుగుతుందో ఆ లెక్క) ఎన్ని డిగ్రీలో చూడండి, అన్నిటికంటే ముందు కొట్టి చూడండి. పైగా ఒక కంపెనీ స్లీవ్ ఇంకో కంపెనీ హెడ్‌లో పట్టదు, షాఫ్ట్ బాగుందని విడిగా కొంటే స్లీవ్ తీసి కొత్తది అతికించడానికి మళ్ళీ ఖర్చు.

ఇక హెడ్ మీద నా అభిప్రాయం. మధ్యలో తగిలితే చప్పుడు ఖంగుమనదు, దట్టంగా, పొట్టిగా వస్తుంది, చేతికి ఏమీ తగలనట్టే ఉండి బంతి మాత్రం వెళ్ళిపోతుంది. ఆ స్పర్శ కోసమే మిజునో ఐరన్లంటే పడిచచ్చేవాళ్ళున్నారు, డ్రైవర్‌లో కూడా అది కొంత ఉంది. నలుపు రంగు, చూడ్డానికి నిరాడంబరంగా ఉంటుంది, పైన పిచ్చి గీతలు లేవు. మడమ వైపు (హెడ్‌లో షాఫ్ట్ కలిసే వైపు) తగిలినప్పుడు ఎక్కడ తగిలిందో చేతికి వెంటనే తెలుస్తుంది, నేర్చుకునేవాడికి అది మేలే. బరువులు అటూ ఇటూ జరుపుకోవాలనుకుంటే మాత్రం ఇది కాదు, ఎస్‌టీ190జీ అని ఇంకోటుంది, అది చూడండి.

మొత్తం లెక్క: హెడ్ 140 డాలర్లు, ఫిట్టింగ్ 100, వాడిన షాఫ్ట్, స్లీవ్, గ్రిప్, పని కలిపి 115. పనికిరాని రెండు లెసన్ల డబ్బు వేరే. కొత్త డ్రైవర్‌కి ఆరు వందలు పెట్టే బదులు ఇలా చేయమనే నా సలహా, ఫిట్టింగ్ మాత్రం మానొద్దు. సెకండ్ హ్యాండ్ షాపుకి వెళ్తే జేబులో కొలత టేపు పెట్టుకెళ్ళండి. క్లబ్‌ని బంతి దగ్గర పెట్టినట్టే నేల మీద పెట్టి, మడమ దగ్గర నేల నుంచి షాఫ్ట్ వెనకగా గ్రిప్ చివరిదాకా కొలవండి. షాఫ్ట్ మీద కంపెనీ గీతలు గ్రిప్ కిందకి దూరిపోయినట్టుంటే కోశారేమో అడగండి. హెడ్ ఊపి చూడండి, లోపల ఏదైనా గలగలమంటే వదిలేయండి. ఫేస్‌ని వెలుతురుకి పెట్టి వెంట్రుక లాంటి పగులు ఉందేమో చూడండి, పలచటి ఫేస్ కాబట్టి అది తప్పనిసరి.

బావగారు తన షాఫ్ట్‌తో పాటు హెడ్ కూడా హైదరాబాద్ తీసుకెళ్ళిపోయారు, అడగలేదు, నేనే ఇచ్చాను. నాకు ఇంకో ఎస్‌టీ190 హెడ్ 125 డాలర్లకి దొరికింది, ఈసారి టేపు పెట్టి కొలిచాకే డబ్బు కట్టాను.