గన్నవరం–కడప విమానం: 311 కిలోమీటర్లకు పట్టే అసలు సమయం

గన్నవరం, కడప విమానాశ్రయాల మధ్య దూరం సరళరేఖలో సుమారు 311 కిలోమీటర్లు. ఆ దూరాన్ని జెట్ విమానం వేగంతో భాగించి అరగంట ప్రయాణమేనని తేల్చే లెక్కలు తరచుగా కనిపిస్తుంటాయి గానీ, విజయవాడలో ఉద్యోగం చేస్తూ కొన్నేళ్లుగా సొంతూరు కడపకు ఈ దారిన రాకపోకలు సాగిస్తున్న నాకు అది ఒక్కసారి కూడా అనుభవంలోకి రాలేదు.

కారణం విమానంలోనే ఉంది. నేను ప్రయాణించేది ప్రొపెల్లర్లతో నడిచే ఏటీఆర్ 72. పూర్తి ఎత్తుకు చేరాక కూడా దాని వేగం గంటకు 500 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు ఇంకా తక్కువ. అందువల్ల గాలిలో గడిచేది ముప్పావు గంట పైచిలుకే అయినా, టికెట్‌పై గంటకు మించిన సమయం కనిపిస్తుంది. విమానం ఇక్కడ నిలిచిన చోటు నుంచి కదిలింది మొదలు అక్కడ ఆగేదాకా లెక్కగట్టి, చిన్నాచితకా ఆలస్యాలకు కొంత వెసులుబాటు కూడా కలిపి ఆ అంకె వేస్తారు.

రెక్కలు కిటికీలకు పైన ఉండటం ఈ విమానంలో నాకు బాగా నచ్చిన విషయం. కృష్ణ దాటాక గుంటూరు పొలాలు, ఆపైన ప్రకాశం మెట్ట భూములు, వెలికొండల ముడతలు, అవి దాటగానే బద్వేలు వైపు చెరువులు వరుసగా కిందికి వస్తాయి. అయితే ప్రొపెల్లర్ల పక్క వరుసల్లో రొద ఎక్కువ, వేసవి మధ్యాహ్నాల్లో కొండల మీద కుదుపులు తప్పవు. ఎక్కడం, దిగడం వెనక తలుపు నుంచే కాబట్టి నేను చివరి వరుసలే అడుగుతాను. తలపై అరలు చిన్నవి. పెద్ద విమానాల్లో పట్టే చక్రాల పెట్టె ఇక్కడ ఇరుక్కుపోతుంది.

బెంజి సర్కిల్ నుంచి రామవరప్పాడు రింగు రద్దీ దాటుకుని గన్నవరం చేరడం, గంట ముందే మూసేసే చెక్-ఇన్ కౌంటర్ కోసం ఇంకా ముందుగా వెళ్లడం కలిపితే, ఇంటి నుంచి ఇంటికి దాదాపు నాలుగు గంటలవుతుంది. కడపలో టెర్మినల్ చిన్నది కనుక బయటపడటానికి నిమిషాలే చాలు, కారు మాత్రం ముందే చెప్పుకోవాలి. బస్సయితే రాత్రి ఎక్కి తెల్లవారాక దిగడమే కాబట్టి లాభం స్పష్టంగానే ఉంది.

చిక్కల్లా నిలకడతోనే. చిన్న ఊళ్లకు విమానాలు నడిపించేందుకు కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకం కింద తొలి విమానాలు ఎగిరిన 2017 ఏప్రిల్ 27నే కడప–హైదరాబాద్ సర్వీసు ప్రారంభమైంది. కానీ ఆ పథకంలో ఒక్కో మార్గానికి విమాన సంస్థకు ఇచ్చే లోటు భర్తీ సొమ్ము మూడేళ్లకే పరిమితం కావడంతో, చిన్న ఊళ్ల సర్వీసుల మనుగడ ఆ తర్వాత సీట్లు నిండడం మీదే ఆధారపడుతుంది. మా విమానం కూడా రోజూ ఉండదు. మార్చి చివర, అక్టోబరు చివర షెడ్యూళ్లు మారినప్పుడల్లా వారాలూ వేళలూ తారుమారవుతాయి. డిసెంబరు, జనవరి ఉదయాల్లో గన్నవరం పొగమంచు సరేసరి. అందుకే పెళ్లి ముహూర్తానికి అందుకోవలసిన ప్రయాణమైతే, నేను ఇప్పటికీ ముందు రాత్రి బస్సుకే సీటు రిజర్వు చేసుకుంటున్నాను.