నెమ్మదిగా కదిలే అర్సలూనాతో పోకెమాన్ స్కార్లెట్, వయొలెట్ డబుల్స్: ఒక సమీక్ష

పోకెమాన్ స్కార్లెట్, వయొలెట్ ఆటలు 2022 నవంబరు 18న నింటెండో స్విచ్‌పై విడుదలయ్యాయి. వాటి కథ గురించీ, విశాలమైన పాల్డియా ప్రాంతం గురించీ ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి ఇక్కడ ఆ ఊసు ఎత్తడం లేదు. అందరికంటే ఆలస్యంగా కదిలినా తన వంతు వచ్చినప్పుడు ఎదుటివారిని ఒక్క దెబ్బతో పడగొట్టే పోకెమాన్‌ను నమ్ముకుని ర్యాంక్డ్ డబుల్స్ (ఇరువైపులా ఇద్దరేసి పోకెమాన్‌లు తలపడే ర్యాంకుల పోటీ) ఆడాలనుకునేవారికి ఈ ఆట ఎంతవరకు పనికొస్తుందన్నదే ఈ సమీక్ష విషయం. అలాంటి పోకెమాన్‌లు ఇందులో చాలానే ఉన్నా, వాటిలో నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా అనిపించిన అర్సలూనాను కొలబద్దగా తీసుకున్నాను.

అర్సలూనా గ్రౌండ్, నార్మల్ టైప్‌ల ఎలుగుబంటి. దాని మూల విలువలు (ఆ జాతికి ఆట ఇచ్చిన అంకెలు) చూస్తే హెచ్‌పీ (ప్రాణశక్తి) 130, అటాక్ 140, డిఫెన్స్ 105, స్పీడ్ మాత్రం 50. కాగితం మీద ఈ స్పీడ్ మరీ తక్కువేమీ కాదనిపించవచ్చు గానీ, స్పీడ్ 135 ఉన్న ఫ్లట్టర్ మేన్ లాంటివి తిరిగే రంగంలో అది చాలా తక్కువే. టెయిల్‌విండ్ అనే మూవ్‌తో (పోకెమాన్ వేసే ఎత్తుతో) వేగాన్ని రెట్టింపు చేసి నెట్టుకురావచ్చు కదా అన్న ఆలోచన మొదట అందరికీ వస్తుంది. లెవెల్ 50లో అర్సలూనా స్పీడ్‌కు 252 ఈవీలు (శిక్షణతో వచ్చే పాయింట్లు) మొత్తం పోసి, అటాక్ పెంచే అడమెంట్ స్వభావం ఉంచితే దాని స్పీడ్ 102 అవుతుంది, టెయిల్‌విండ్‌లో 204కు చేరుతుంది. టెయిల్‌విండ్ లేకుండానే, పూర్తి వేగానికి పెంచిన ఫ్లట్టర్ మేన్ స్పీడ్ 205. ఇంత ఖర్చుపెట్టి, జట్టులో మరొక పోకెమాన్ చేత టెయిల్‌విండ్ వేయించి కూడా ఒక్క పాయింటుతో వెనకబడే ఉంటాం. అందుకని ఈ పోకెమాన్‌ను వేగంగా మార్చాలన్న ఆశ వదిలేసుకుని, నెమ్మదితనమే లాభించే పరిస్థితిని కల్పించడం ఉత్తమం.

ఆ పరిస్థితి పేరు ట్రిక్ రూమ్. నాలుగో తరం ఆటల నుంచీ ఉన్న ఈ మూవ్ వేస్తే స్పీడ్ తక్కువగా ఉన్నవారే ముందు కదులుతారు. దీని గడువు ఐదు టర్న్‌లని రాసి ఉన్నా, వేసిన టర్న్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది, పైగా ఈ మూవ్ ప్రాధాన్యం (స్పీడ్‌తో సంబంధం లేకుండా ఏ మూవ్ ముందు, ఏది వెనక అని తేల్చే అంకె) మైనస్ ఏడు కాబట్టి ఆ టర్న్‌లో దాదాపు అందరూ కదిలాకే ఇది పడుతుంది. అంటే మనకు నిజంగా దక్కేవి నాలుగు టర్న్‌లు. నెమ్మదైన అటాకర్‌తో ఆడటమంటే, నా దృష్టిలో, ఈ నాలుగు టర్న్‌లను ఎలా ఖర్చుపెట్టాలో ముందే నిర్ణయించుకోవడం. ఎదుటివారు అందులో ఒకటి రెండు టర్న్‌లు, దెబ్బలు తగలకుండా కాచే ప్రొటెక్ట్ మూవ్‌తో కాజేస్తారన్నది ఖాయం కనుక, చేతిలో ఉన్నవి రెండున్నర టర్న్‌లే అనుకుని పథకం వేసుకోవడం మేలు.

అర్సలూనాకు తగిన అమరిక దాదాపు స్థిరపడిపోయింది. గట్స్ అనే ఎబిలిటీ (పోకెమాన్ సహజ గుణం) ఉంటే, ఏదైనా స్టేటస్ (కాలిన గాయం, నిద్ర లాంటి స్థితి) సోకినప్పుడు అటాక్ ఒకటిన్నర రెట్లవుతుంది, కాలిన గాయం వల్ల అటాక్ సగానికి పడిపోయే నష్టం కూడా వర్తించదు. చేతిలో ఫ్లేమ్ ఆర్బ్ పెడితే టర్న్ చివర అదే తనను తాను కాల్చుకుంటుంది. అటాక్ పెంచి స్పీడ్ తగ్గించే బ్రేవ్ స్వభావం, అటాక్‌కు పూర్తి ఈవీలు ఇస్తే లెవెల్ 50లో అటాక్ 211, గట్స్ కలిస్తే 316. మామూలుగా 70 బలమున్న ఫసాడ్ మూవ్ కాలిన స్థితిలో 140 అవుతుంది. దాని గ్రౌండ్ టైప్ మూవ్ హెడ్‌లాంగ్ రష్ బలం 120, గురి 100 శాతం, అయితే వేసిన ప్రతిసారీ తన డిఫెన్స్, స్పెషల్ డిఫెన్స్ ఒక్కో మెట్టు దిగుతాయి. కాలిన గాయానికి ప్రతి టర్న్ చివరా హెచ్‌పీలో పదహారో వంతు పోతుంది. పూర్తి హెచ్‌పీ 237 ఉన్నప్పుడు అది 14 పాయింట్లు, నాలుగు టర్న్‌ల ఆటలో అది లెక్కలోకి రానంత చిన్నది.

ఇదంతా ఆచరణలో ఎలా సాగుతుందో ఒక ఆరంభాన్ని చూద్దాం. మన వైపు ట్రిక్ రూమ్ వేసే ఫారిజిరాఫ్, అర్సలూనా. ఎదురుగా ఇన్సినరోర్, ఫ్లట్టర్ మేన్. మైదానంలోకి రాగానే ఇన్సినరోర్ ఎబిలిటీ ఇంటిమిడేట్ పనిచేసి అర్సలూనా అటాక్ ఒక మెట్టు దిగుతుంది. మామూలుగా అయితే ఇన్సినరోర్ తదుపరి పని అందరికంటే ముందు తగిలే ఫేక్ అవుట్‌తో ట్రిక్ రూమ్ వేసేవాడిని ఉలిక్కిపడేలా చేసి ఆ టర్న్ పోగొట్టడమే, కానీ ఫారిజిరాఫ్‌కున్న ఆర్మర్ టెయిల్ ఎబిలిటీ ప్రాధాన్యమున్న మూవ్‌లను తన మీదా తన జోడీ మీదా పడనివ్వదు. ఫ్లట్టర్ మేన్ షాడో బాల్ ఈ ఇద్దరిపైనా పనిచేయదు, అది గోస్ట్ టైప్ దెబ్బ, ఇద్దరిలోనూ దానికి లొంగని నార్మల్ టైప్ ఉంది కదా. మిగిలింది మూన్‌బ్లాస్ట్, అది ఫారిజిరాఫ్‌కు గట్టిగానే తగిలినా హెచ్‌పీ 120 ఉన్న జిరాఫ్‌ను నిండు ఆరోగ్యంలో ఒక్కసారిగా పడగొట్టడం తేలిక కాదు. మొదటి టర్న్‌లో అర్సలూనా ప్రొటెక్ట్ వేసుకోవాలి. దెబ్బ తప్పించుకోవడం ఒక కారణమైతే, టర్న్ చివర ఫ్లేమ్ ఆర్బ్ తన పని చేసుకునే వ్యవధి ఇవ్వడం అంతకంటే ముఖ్యమైన కారణం.

రెండో టర్న్ మొదలయ్యేసరికి గది తలకిందులై ఉంటుంది, ఎలుగుబంటి కాలి ఉంటుంది. ఇంటిమిడేట్ తిన్న తర్వాత కూడా హెడ్‌లాంగ్ రష్ పడితే ఫ్లట్టర్ మేన్ లేవదు, పోరాటం మధ్యలో టైప్ మార్చే టెరాను వాడకపోతే ఇన్సినరోర్ కూడా లేవదు. అనుభవం లేనివారు ఇక్కడే తొందరపడి ఫసాడ్ నొక్కుతారు. ఫ్లట్టర్ మేన్ గోస్ట్ టైప్, నార్మల్ టైప్ అయిన ఆ దెబ్బ దానికి అసలు తగలదు. ఇద్దరిలో ఎవరిని ముందు కొట్టాలన్నది మరో ప్రశ్న. ఎవరు ప్రొటెక్ట్ వేస్తారో ఊహించి ఎన్నుకోవాలి, ఒకసారి ప్రొటెక్ట్ వేసినవారికి వెంటనే మళ్ళీ వేస్తే పారే అవకాశం మూడింట ఒక వంతుకు పడిపోతుందన్న సంగతి ఆ ఊహకు ఆధారం. హెడ్‌లాంగ్ రష్ తర్వాత అర్సలూనా రక్షణ పలచబడుతుంది కాబట్టి, మిగిలిన శత్రువు తన వంతులో దాన్ని పడగొట్టలేడని నమ్మకం ఉన్నప్పుడే ఆ మూవ్ వరుసగా వేయాలి.

ఈ అమరికలో అంతగా పేరు రాని ఒక సుగుణం ఉంది. ట్రిక్ రూమ్ ఆడేవారికి పాత శత్రువు అమూంగస్. దాని మూల స్పీడ్ 30, కాబట్టి గది తిరగబడితే అర్సలూనా కంటే ముందే కదిలి స్పోర్‌తో నిద్రపుచ్చగలదు. కానీ అప్పటికే కాలిన పోకెమాన్‌కు రెండో స్టేటస్ అంటదు. ఫ్లేమ్ ఆర్బ్ బలాన్నే కాదు, నిద్ర నుంచి రక్షణను కూడా ఇస్తుందన్నమాట. మొదటి టర్న్ ప్రొటెక్ట్‌కు ఇది మూడో కారణం అనుకోండి.

ఇక ఆట ఈ పద్ధతికి ఎంత సహకరిస్తుందన్న అసలు ప్రశ్నకు వస్తే, పోరాటం జరుగుతున్నంతసేపూ నాకు ఫిర్యాదు లేదు. వై బటన్ నొక్కితే ట్రిక్ రూమ్ ఇంకా ఎన్ని టర్న్‌లు మిగిలి ఉందో, ఎవరి అటాక్ ఎన్ని మెట్లు దిగిందో తెరపైనే కనిపిస్తుంది. ఒక్కో టర్న్‌కు 45 సెకన్లే ఉన్నచోట ఇది చిన్న సౌకర్యం కాదు. రెంటల్ టీమ్ సదుపాయం మరింత మెచ్చుకోదగినది. వేరొకరు పంచుకున్న కోడ్ టైప్ చేస్తే వారి జట్టుతో ఆడి చూడవచ్చు, అంటే ఈ శైలి మన స్వభావానికి సరిపడుతుందో లేదో ఒక్క పోకెమాన్‌నూ పెంచకుండానే తేల్చుకోవచ్చు.

పెంపకం దగ్గరికి వచ్చేసరికి ఆట తీరు మారిపోతుంది. వేగంగా ఉండేవారికి ఈ ఆట అన్నీ అమర్చిపెట్టింది. బాటిల్ క్యాప్ ఒకటి తీసుకుని మాంటెనెవెరా ఊరికి వెళితే, లెవెల్ 50కి చేరిన ఏ పోకెమాన్ ఐవీనైనా (పుట్టుకతో వచ్చే, 0 నుంచి 31 వరకు ఉండే విలువ) 31తో సమానం చేయవచ్చు. స్వభావం నచ్చకపోతే దాని ప్రభావాన్ని మార్చే మింట్ ఉంది. కానీ మనకు కావలసింది స్పీడ్ ఐవీ సున్నా. ఐవీని పెంచే వస్తువు ఉంది గానీ తగ్గించే వస్తువు లేదు. స్పీడ్ ఐవీ 31 ఉండి, స్వభావం దాన్ని తగ్గించని అర్సలూనా స్పీడ్ 70. సున్నా ఐవీ, బ్రేవ్ స్వభావం ఉంటే 49. మధ్యలో ఉన్న ఆ 21 పాయింట్లు ట్రిక్ రూమ్‌లో ఎదుటి నెమ్మది పోకెమాన్‌ల కంటే ముందు కొడతామా, తర్వాత కొడతామా అన్నది తేలుస్తాయి. బ్రేవ్ మింట్‌తో సగం పని అవుతుంది, మిగతా సగానికి గుడ్లే గతి. ఐవీలను చూపే పట్టికలో స్పీడ్ దగ్గర అన్నిటికంటే అధమమైన మాట కనిపించే జంటను వెదికి, పవర్ యాంక్లెట్ పెట్టి ఆ సున్నాను పిల్లకు దించాలి. లోపాన్ని జాగ్రత్తగా వారసత్వంగా అందించే ఈ తతంగం సరదాగానే ఉంటుంది, కాకపోతే వేగం కోరుకున్నవారికి ఒక్క బాటిల్ క్యాప్‌తో అయ్యే పని మనకు ఒక సాయంత్రం తినేస్తుంది.

అర్సలూనా విషయంలో మరో మెలిక ఉంది. పాల్డియాలో దాని పిల్ల రూపం టెడ్డీఅర్సా దొరుకుతుంది గానీ, అది ఎదిగి అయ్యే అర్సరింగ్ అర్సలూనాగా మారడానికి పీట్ బ్లాక్ అనే వస్తువు, పున్నమి రాత్రి కావాలి, ఆ ఏర్పాటు ఉన్నది 2022 జనవరిలో వచ్చిన పోకెమాన్ లెజెండ్స్ ఆర్సియస్‌లో. 2023 మే నెలాఖరులో ఆటల మధ్య పోకెమాన్‌లను తరలించే పోకెమాన్ హోమ్‌తో అనుసంధానం కుదిరాక ఇక్కడ పొదిగించిన ఎలుగు పిల్లను అక్కడికి పంపి, పెద్ద చేసి, తిరిగి తెచ్చుకునే వీలు కలిగింది. ఆ రెండో ఆట లేనివారికి మాత్రం ఇది అనుకోని ఖర్చే.

అలాంటివారికి టీల్ మాస్క్ అదనపు భాగంలో కిటాకామిలో ఎదురయ్యే బ్లడ్‌మూన్ అర్సలూనా ప్రత్యామ్నాయం. దాని బలం స్పెషల్ అటాక్ 135, కాబట్టి ఇంటిమిడేట్ దాన్ని ఏమీ చేయలేదు. మైండ్స్ ఐ ఎబిలిటీ వల్ల దాని నార్మల్ దెబ్బలు గోస్ట్‌లకూ తగులుతాయి. 140 బలమున్న బ్లడ్ మూన్‌ను వరుసగా రెండుసార్లు వేయలేమన్న ఒక్క నియమమే దానికి కళ్ళెం. ఫ్లేమ్ ఆర్బ్ కోసం ఒక టర్న్ ఖర్చుపెట్టనక్కర్లేదన్నది దాని అసలైన ఆధిక్యం, నాలుగు టర్న్‌ల గడువులో అది పెద్ద పొదుపు. కానీ ఒక సేవ్‌కు ఒక్కటే దొరుకుతుంది, గుడ్ల ద్వారా ఈ రూపం రాదు, కాబట్టి దాని స్పీడ్ ఐవీని పెంపకంతో సరిచేసుకోలేం.

మరో నెమ్మది అటాకర్ టోర్కోల్ గురించి రెండు మాటలు. మూల స్పీడ్ 20, డ్రౌట్ ఎబిలిటీ తెచ్చే ఎండ, హెచ్‌పీ నిండుగా ఉంటే 150 బలంతో ఇద్దరినీ కాల్చే ఇరప్షన్: చూడటానికి ఇంతకంటే భయంకరమైనది లేదు. అయితే హెచ్‌పీ తగ్గిన కొద్దీ ఆ మూవ్ నీరుగారుతుంది, ఇద్దరిపై ఒకేసారి పడే దెబ్బలను అడ్డుకునే ఒక్క వైడ్ గార్డ్ దాన్ని పూర్తిగా ఆపేస్తుంది.

అర్సలూనాకు అన్నిటికంటే పెద్ద ముప్పు ట్రిక్ రూమ్ పడకపోవడమే. ప్రాంక్‌స్టర్ ఎబిలిటీ వల్ల ప్రాధాన్యంతో వచ్చే టాంట్‌ను (దాడి మూవ్‌లు తప్ప మరేవీ వేయనివ్వని మూవ్) ఆర్మర్ టెయిల్ ఆపుతుంది గానీ, సహజంగానే వేగంగా ఉండి టాంట్ వేసేవారిని ఆపదు, అందుకే ఫారిజిరాఫ్ చేతిలో టాంట్‌ను వదిలించే మెంటల్ హెర్బ్ పెట్టడం మంచిది. ఎదుటివారు తామే ట్రిక్ రూమ్ వేసి మనదాన్ని రద్దు చేయవచ్చు. ఫారిజిరాఫ్ పడిపోయిన మరుక్షణం ప్రాధాన్యమున్న మూవ్‌లన్నీ తిరిగి ప్రాణం పోసుకుంటాయి, అప్పుడు ఉర్షిఫూ ఆక్వా జెట్ ఏ గదినీ లెక్కచేయకుండా ముందే వచ్చి తగులుతుంది, అర్సలూనాకు నీళ్ళంటే బలహీనత. ట్రిక్ రూమ్ లేనప్పుడు కూడా తన పని తాను చేసుకోగల నెమ్మది అటాకర్ కావాలంటే, వయొలెట్‌లో దొరికే ఐరన్ హ్యాండ్స్‌ను ఎంచుకోండి: అదే 50 స్పీడ్, అదే 140 అటాక్, హెచ్‌పీ 154, పైగా తనకే ఫేక్ అవుట్, పోయిన హెచ్‌పీని రాబట్టుకునే డ్రెయిన్ పంచ్ ఉన్నాయి. అర్సలూనా కొట్టినంత గట్టిగా అది కొట్టదు. పోటీ నిబంధనల్లో అనుమతించే పోకెమాన్‌ల జాబితా ఎప్పటికప్పుడు మారుతుంటుంది కాబట్టి, సున్నా ఐవీ గుడ్ల కోసం కూర్చునే ముందు ఆ సీజన్ జాబితాలో మీ ఎలుగుబంటి ఉందో లేదో చూసుకోండి.