చంటిబిడ్డతో అరకు, బొర్రా, తిరుమల: నూలు బేబీ క్యారియర్ ఎంతవరకు ఆదుకుంటుంది?

మన ఊళ్లలో బిడ్డను కూర్చోబెట్టి తోసే ప్రామ్ బండి తీసుకుని బయల్దేరితే గేటు దాటగానే చిక్కు మొదలవుతుంది. ఫుట్‌పాత్ ఒకచోట జానెడు ఎత్తు, ఇంకోచోట అసలే ఉండదు. స్టేషన్‌లో ప్లాట్‌ఫాం మారాలంటే వంతెన మెట్లు, బీచ్‌లో ఇసుక, గుడిలో క్యూలైన్. వీటిలో ఎక్కడా చక్రం తిరగదు. చివరికి బిడ్డను ఒకరు, ప్రామ్‌ను ఇంకొకరు మోయాల్సి వస్తుంది. విమానాశ్రయం, పెద్ద మాల్, చదునైన పార్కు అయితే ప్రామ్ హాయి. మిగతా అన్నిచోట్లకీ బిడ్డను ఒంటికి కట్టుకునే, వెడల్పాటి సీటున్న నూలు బట్ట బకిల్ క్యారియరే మేలు. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు బిడ్డతో తరచూ తిరిగే కుటుంబానికి ఇది పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. కాకపోతే సరిగ్గా కట్టుకోవడం తెలియాలి. కొన్న వారానికే అటక ఎక్కే క్యారియర్లలో చాలావాటికి లోపం బట్టలో ఉండదు, బిగింపులో ఉంటుంది.

దుకాణంలో మూడు రకాలు కనిపిస్తాయి. అన్నిటికంటే చవకది సన్నటి సీటు రకం. ఇందులో బిడ్డ బరువంతా కాళ్ల మధ్యనున్న కాస్త గుడ్డ మీదే పడుతుంది, తొడలు కిందికి వేలాడతాయి. మొదటి నెలల్లో తుంటి కీలు ఇంకా గట్టిపడుతూ ఉంటుంది కాబట్టి కాళ్లు గంటలకొద్దీ అలా వేలాడటం మంచిది కాదు. రెండోది హిప్ సీట్. నడుముకు గట్టి పీటలాంటిది ఉంటుంది, బిడ్డ దానిమీద కూర్చుంటుంది. నిమిషానికోసారి ఎక్కి దిగే పది నెలల పిల్లలకు ఇది బాగుంటుంది గానీ, ఆ పీట సంచిలో పట్టదు, గంట నడిస్తే నడుము పట్టేస్తుంది. మూడోది వెడల్పు సీటు బకిల్ రకం, ఇక్కడ సిఫార్సు చేస్తున్నది ఇదే. మన దేశంలో సోల్, అన్మోల్ లాంటి కంపెనీలు నూలు బట్టతో కుడుతున్నాయి. రకాన్ని బట్టి ధర మారుతుంది.

కొనేముందు చూడాల్సిన కొలత ఒక్కటే. బిడ్డను కూర్చోబెట్టినప్పుడు సీటు గుడ్డ ఒక మోకాలి వెనక గుంట నుంచి రెండో మోకాలి వెనక గుంట దాకా ఆనాలి. మోకాళ్లు పిర్రల కంటే కాస్త ఎత్తులో ఉండాలి, అంటే కప్ప కూర్చున్నట్టన్నమాట. మన అమ్మమ్మలు బిడ్డను చంకనెత్తుకున్నప్పుడు కాళ్లు నడుముకు అటూ ఇటూ పడతాయే, సరిగ్గా ఆ భంగిమే. సీటు వెడల్పును తగ్గించి పెంచుకునే వీలున్నది కొంటే ఐదో నెల నుంచి ఏడాదిన్నర దాకా ఒకటే సరిపోతుంది. పెట్టెమీద ‘3.5 కిలోల నుంచి’ అని రాసి ఉన్నా, సీటు అంత చిన్నగా కుదించలేనిదైతే పసిగుడ్డుకు వాడొద్దు. కాళ్లు మరీ ఎడంగా సాగిపోతాయి, మెడ కూడా నిలవదు.

ఇక కట్టుకోవడం. మొదటి నాలుగైదు సార్లు మంచం పక్కన నిలబడి చేయండి, పక్కన ఇంకొకరు ఉండాలి. ముందు నడుము బెల్టు. అందరూ పొరబడేది ఇక్కడే. ప్యాంటు బెల్టు పెట్టుకునేచోట పెడితే బిడ్డ బరువు కిందికి లాగి భుజాలు గుంజేస్తాయి. తుంటి ఎముక అంచుకు పైన, బొడ్డు దగ్గరగా పెట్టి, రెండు వేళ్లు మాత్రమే దూరేంత బిగించాలి. తర్వాత బిడ్డను ఛాతీకి ఆనించుకుని, ఒక చెయ్యి వీపున ఉంచి, రెండో చేత్తో గుడ్డను పైకి లాగాలి. భుజం పట్టీలు ఒక్కొక్కటే వేసుకోవాలి. బిడ్డ వీపు మీది చెయ్యి అన్ని బకిళ్లూ ‘టక్’మనేదాకా తీయకూడదు. ఆ టక్ చప్పుడు వినిపించాక కూడా ఒకసారి గుంజి చూడండి. కుచ్చిళ్ల అంచు బకిల్‌లో ఇరుక్కుంటే అది పట్టినట్టే ఉంటుంది గానీ పట్టదు.

అప్పుడు రెండు చేతులూ బిడ్డ మోకాళ్ల కింద పెట్టి కొద్దిగా పైకి, మీ వైపుకి తోయాలి. పిర్రలు సీటులోకి దిగి, వీపు సహజంగా కాస్త గుండ్రమవుతుంది. ఈ ఒక్క కదలిక మర్చిపోతే బిడ్డ నిటారుగా నిలబడినట్టుండి పావుగంటకే చిరాకు పడుతుంది. చివరగా మీ వీపు వెనక భుజం పట్టీలు రెండింటినీ కలిపే అడ్డపట్టీ. దాన్ని మెడ దగ్గర పెడితే మెడనొప్పి, మరీ కిందికి పెడితే భుజం పట్టీలు జారిపోతాయి. చంకల ఎత్తుకు సరిగ్గా కుదురుతుంది.

సరిపోయిందో లేదో తేల్చుకోవడం తేలిక. తల వంచితే బిడ్డ నడినెత్తిన ముద్దు అందాలి. ముఖం మీకు కనిపిస్తూ ఉండాలి. గడ్డానికీ ఛాతీకీ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి. గడ్డం ఛాతీకి ఆనిపోతే శ్వాసనాళం మడతపడే ప్రమాదం ఉంది. నాలుగు నెలల లోపు పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. చుట్టూ ఎంత సందడిగా ఉన్నా ప్రతి పది నిమిషాలకోసారి చూడాల్సిందే. కింద పడిన వస్తువు తీయాలంటే నడుము వంచకండి, మోకాళ్లు మడిచి కూర్చోండి.

చీర మీద కట్టుకునేవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. కుచ్చిళ్లకు పెట్టిన పిన్నీసు సరిగ్గా నడుము బెల్టు కింద పడుతుంది, భుజం పిన్నీసు పట్టీ కింద పడుతుంది. ఒత్తిడికి అవి తెరుచుకుంటే మీకో బిడ్డకో గుచ్చుకుంటాయి. క్యారియర్ వేసుకునే రోజు పిన్నీసులు తీసేయండి. నల్లపూసలు, గొలుసులు బిడ్డ చెంపకు ఒరుసుకుని ఎర్రటి గీతలు పడతాయి, వాటిని జాకెట్టు లోపలికి వేసుకోవాలి. ముందు గుండీలున్న నూలు కుర్తా అయితే పాలివ్వడానికీ అనువు.

అరకు ప్రయాణంలో క్యారియర్ విలువ బాగా తెలుస్తుంది. విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలు సముద్రమట్టం నుంచి మొదలై, అరకుకు ముందు వచ్చే శిమిలిగుడ దగ్గర సుమారు 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. దారి పొడవునా సొరంగాలు. ఒక్కసారిగా చీకటి, రైలు కూత, ఆ వెంటనే పిల్లల కేకలు, ఇవన్నీ నిద్రపోతున్న బిడ్డను ఉలిక్కిపడేలా చేస్తాయి. ఛాతీకి ఆనుకుని ఉంటే ఉలికిపాటు త్వరగా తగ్గుతుంది. కిటికీ పక్కన కాకుండా లోపలి సీటు తీసుకోండి. ఎత్తు మెల్లగా పెరుగుతుంది కాబట్టి చెవులు బిగుసుకోవడం పెద్ద సమస్య కాదు, ఘాట్ మొదలయ్యాక ఒకసారి పాలు పడితే చాలు. అయిదేళ్ల లోపు పిల్లలకు విడిగా బెర్త్ అడగకపోతే రైలు టికెట్ అక్కర్లేదు గానీ, పగటి రైలులో చంటిబిడ్డకు బట్టలు మార్చడానికి పక్క సీటు ఖాళీగా ఉంటే ఎంత సుఖమో చెప్పలేం. వీలైతే ఒక సీటు ఎక్కువ తీసుకోండి. టీ అమ్మేవాళ్లు వచ్చినప్పుడు బిడ్డ క్యారియర్‌లో ఉంటే మీ చేతిలోకి వేడి కప్పు తీసుకోవద్దు, పక్కవాళ్లను పట్టుకోమనండి.

బొర్రా గుహల్లో ప్రామ్ అనే మాటే లేదు. మెట్లు దిగాలి, పైనుంచి నీటి బొట్లు పడి కొన్నిచోట్ల జారుతూ ఉంటాయి. రెయిలింగ్ పట్టుకోవడానికి రెండు చేతులూ ఖాళీగా ఉండటమే ఇక్కడ క్యారియర్ చేసే అసలైన మేలు. గుహలో మాత్రం బిడ్డను ముందువైపే కట్టుకోవాలి. వీపున కట్టుకుంటే రాయి కిందికి వంగినచోట మీ తల తప్పుతుంది గానీ, వెనకనున్న బిడ్డ తల ఎక్కడుందో తెలియదు. చెప్పులు పట్టున్నవి వేసుకోండి, సంచి రెండోవాళ్లకు ఇచ్చేయండి. లోపల ఉక్కగా ఉంటుంది కాబట్టి బిడ్డకు స్వెటర్ బయటికొచ్చాకే. అరకులో పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం చూడటానికి ప్రామ్ అయినా పర్వాలేదు. వీపున కట్టుకోవడం ఊతం లేకుండా కూర్చోవడం వచ్చాకే, అంటే సుమారుగా ఏడో నెల నుంచి. అక్కడి మన్యం ఆడవాళ్లు బిడ్డను గుడ్డతో వీపున కట్టుకుని సంతకు వచ్చే తీరు గమనించండి. మూట ఎంత ఎత్తున, ఎంత బిగువుగా ఉంటుందో! మనం బకిళ్లతో సాధించాలని చూసేది అదే.

తిరుమలలో క్యూలైన్‌కు ఇది వరం. అలిపిరి దారి 3,550 మెట్లు. ఎనిమిది కిలోల బిడ్డను కట్టుకుని అంతా ఎక్కడం ఎవరికీ సలహా ఇవ్వం. నడక మొక్కు ఉంటే పెద్దలు ఇద్దరు ముగ్గురు మార్చుకుంటూ ఎక్కాలి. మనిషి మారినప్పుడల్లా నడుము బెల్టు మళ్లీ సరిచేసుకోవాలి. తల్లి కొలతకు బిగించినదాన్ని తండ్రి అలాగే తొడుక్కోవడం వల్లే జారిపోయే ఇబ్బంది వస్తుంది. తనిఖీ దగ్గర బిడ్డను తీయమంటారు కాబట్టి అక్కడికి ముందే నిద్రలేపి పాలిచ్చేస్తే ఏడుపు తప్పుతుంది. ఏడాది లోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు సుపథం దారిలో ప్రత్యేక దర్శనం ఉంది. బిడ్డ పుట్టిన సర్టిఫికెట్, ఇద్దరి ఆధార్ కార్డులు దగ్గరుంచుకోండి, ఆ వారం వేళలు దేవస్థానం ప్రకటనలో చూసుకోండి.

ఈ వస్తువుకున్న పెద్ద లోపం వేడి. రెండు ఒళ్లు అతుక్కుని ఉంటే చెమట పట్టక మానదు. ఏ కంపెనీదైనా అంతే. ‘గాలి ఆడే మెష్’ అని అమ్మేవాటిలోనూ నడుము దగ్గర మందపాటి స్పంజే ఉంటుంది. క్యారియర్‌ను ఒక జత బట్టలుగా లెక్కపెట్టి, బిడ్డకు లోపల పల్చటి నూలు జుబ్బా ఒక్కటే వేయండి. మధ్యలో మల్లు గుడ్డ ఒకటి పెట్టి, తడిసినప్పుడల్లా మార్చండి. ఎండాకాలంలో పదకొండు నుంచి నాలుగు దాకా బయట తిప్పకండి. మిగతా వేళల్లోనూ అరగంటకోసారి విప్పి గాలి తగలనివ్వాలి. మెడ వెనక చెయ్యి పెట్టి చూస్తే కాలుతున్నట్టుంటే వెంటనే దించాలి. ఎండ అని చున్నీతో ముఖం మొత్తం కప్పేస్తే లోపల గాలి ఆడదు, అంచున్న టోపీ చాలు. ఆరు నెలల లోపు తల్లిపాలు తాగే బిడ్డకు ఎండలోనూ విడిగా నీళ్లు అక్కర్లేదు, పాలు ఎక్కువసార్లు ఇస్తే సరిపోతుంది. డబ్బా పాలైతే ఫ్లాస్కులో మరిగించిన నీళ్లు, కొలిచిన పొడి విడివిడిగా తీసుకెళ్లి అప్పటికప్పుడు కలపాలి. తాగగా మిగిలినవి పారబోయాలి.

బిడ్డను లోకం వైపు తిప్పి కట్టుకోవడం ఫొటోకు ముచ్చటగా ఉంటుంది. మెడ బాగా నిలిచాక పది పదిహేను నిమిషాలు పర్వాలేదు. జనం ఎక్కువైతే ముఖం దాచుకునే చోటుండదు, నిద్ర వస్తే తల ముందుకు వాలిపోతుంది. కునుకు పడగానే మీ వైపుకి తిప్పేయాలి.

వాడకూడని చోట్లు కూడా తెలియాలి. కదిలే కారులో క్యారియర్ కార్ సీటు పని చేయదు. హఠాత్తుగా బ్రేకు పడితే మీ ఒళ్లే బిడ్డను నలిపేస్తుంది. బైకు మీదా అంతే. 2022లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం నాలుగేళ్ల లోపు పిల్లలకు సేఫ్టీ హార్నెస్ (బిడ్డను బండి నడిపేవారికి కట్టి ఉంచే పట్టీలు) ఉండాలి, తొమ్మిది నెలలు దాటితే హెల్మెట్ కూడా, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. నడక కోసం కుట్టిన క్యారియర్ ఆ హార్నెస్‌కు బదులు కాదు. విమానం పైకి లేచేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ సిబ్బంది సాధారణంగా క్యారియర్ విప్పించి వాళ్ల బెల్టే పెట్టమంటారు.

ఉతకడం దగ్గర ఒక్క జాగ్రత్త చాలు. బకిళ్లన్నీ పెట్టేసి, చల్లటి నీళ్లలో తేలికపాటి సబ్బుతో చేత్తో ఉతికి నీడన ఆరేయాలి. ఎర్రటి ఎండకు ప్లాస్టిక్ బకిల్ పెళుసుబారుతుంది. బిడ్డ చప్పరించేది భుజం పట్టీలనే కాబట్టి వాటికి విడిగా గుడ్డ తొడుగులు వేస్తే రోజూ మొత్తం ఉతికే పని తప్పుతుంది. చుట్టాల దగ్గర్నుంచి వాడినది తీసుకుంటే, భుజం పట్టీ సీటుకు కలిసేచోట కుట్లు వెలుతురులో పట్టి చూడండి. అక్కడ ఒక్క పోగు తెగినా వద్దు. మోకాలి గుంట దాకా రావాల్సిన గుడ్డ సగం తొడకే ఆగిపోతోందంటే బిడ్డ ఆ సైజు దాటేసినట్టు. అప్పుడు పెద్ద పిల్లల సైజుకు మారాలి.