కాస్టెల్ గాండోల్ఫో: ప్యాకేజీ వ్యాన్ వద్దు, రైలెక్కి వెళ్ళండి

రోమ్‌లో ఎవరైనా "పోప్ గారి వేసవి ప్యాలెస్ చూపిస్తాం" అని రోమ్ దగ్గర్లోని కాస్టెల్ గాండోల్ఫో ఊరికి ప్యాకేజీ అంటగడితే కొనకండి. మా దగ్గర ఒక గైడ్ మనిషికి 70 యూరోలు, నలుగురికి 280 తీసుకున్నాడు. ఫోన్లో ఎంట్రీతో సహా అన్న మనిషే తీరా ఊరి మధ్యలో దింపేసి "లోపలికెళ్తే టికెట్ మీదే, 45 నిమిషాల్లో వచ్చేయండి, లేకపోతే వ్యాన్ వెళ్ళిపోతుంది" అన్నాడు. ఎప్పుడూ గొంతు పెంచని మామయ్య కూడా గట్టిగా అరిచేశారు. అత్తయ్య మాత్రం "వ్యాన్ పోతే పోనీ, నేను లోపల చూడందే రాను" అనేశారు. ఆవిడ మాట విన్నందుకే ఆ రోజు దక్కింది.

ఆ గైడ్ చరిత్ర ఒక్క ముక్క చెప్పలేదు, చెప్పుకోవాల్సిందేమో బోలెడంత ఉంది. ఇది ముందు సావెల్లి అనే జమీందారీ వంశం వాళ్ళ కోట, అప్పులు తీర్చలేక 1596లో పోప్ పరం చేశారు. 1620ల్లో పోప్ ఎనిమిదో అర్బన్ ఇక్కడ వేసవి గడపడం మొదలుపెట్టాడు. కింద అల్బానో సరస్సు, కొండమీద చల్లగాలి, రోమ్ ఎండలోంచి వచ్చాక ఎందుకో మనకే తెలుస్తుంది. 1870లో రోమ్ ఇటలీ చేతికి పోయాక పోపులు వాటికన్ దాటలేదు, 1929లో ఇటలీతో ఒప్పందం అయ్యేదాకా దాదాపు అరవై ఏళ్ళు ఇక్కడికి రాలేదు.

మా ఆవిడ, అత్తయ్య పోప్ పడకగది దగ్గరే ఆగిపోయారు. 1944లో, రెండో ప్రపంచ యుద్ధంలో, బాంబులు పడుతుంటే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వేలమంది ఇక్కడ తలదాచుకున్నారు, నిండు చూలాళ్ళకి ఆ గదే ఇచ్చారు, సుమారు 40 మంది పిల్లలు అక్కడ పుట్టారు, చాలామందికి అప్పటి పోప్ పన్నెండో పయస్ (ఇటాలియన్‌లో పియో, అసలు పేరు యూజెనియో) మీద పియో అనో యూజెనియో అనో పేరు పెట్టుకున్నారు. అత్తయ్యకి కళ్ళనీళ్ళు ఆగలేదు. 2016లో పోప్ ఫ్రాన్సిస్ ఈ ప్యాలెస్‌ని మ్యూజియం చేయబట్టే మనలాంటి వాళ్ళం ఆ గది దాకా వెళ్ళగలుగుతున్నాం.

వ్యాన్ ఎలాగూ వెళ్ళిపోయింది. రైల్లో తిరిగొచ్చాం, మనిషికి 2.10 యూరోలు, ముప్పావుగంట ప్రయాణం. స్టేషన్ కొండ దిగువన ఉంటుంది కాబట్టి వెళ్ళేటప్పుడు ఎక్కుడు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళైతే మెల్లగా ఎక్కించండి, రైళ్ళు కూడా తరచుగా ఉండవు, తిరుగు టైమ్ ముందే చూసుకోండి. మాంసం తినేవాళ్ళైతే పక్కూరు అరిచా పోర్కెట్టా, అంటే మసాలా దట్టించి కాల్చిన పంది మాంసం, తప్పకుండా తినండి, అది తిన్నాకే మామయ్య కోపం దిగింది.

డబ్బు వెనక్కివ్వమని ఆ ప్యాకేజీ వాడికి మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు లేదు.